మృదుయంత్రములు – మన బోరుబావులు

(గూళూరులో జరిగిన మన సంఘ సభయందు చేసిన ప్రసంగపాఠము)



ఎస్సెస్సెల్సీతో చదువు చాలించి, పైపులును మోటార్లును అమ్ముకొని జీవించు వర్తకుడను నేను. అట్టివాడు యంత్రశాస్త్రమును గూర్చి ప్రసంగించుట మీకు వింతగా తోచవచ్చును. అయినను ఈ విషయము నా అంగడి గడపను తాకినది. అందుచేత సాహసించితిని.

రోబో అను మాట 1920లో చెక్ రచయిత కారెల్ చాపెక్ వ్రాసిన నాటకమున లోకమునకు పరిచయమైనది. దానికి మూలమైన ఆ భాషాపదమునకు వెట్టిచాకిరి యని యర్థము. ఆ పేరు వినగానే మనకు ఇనుపమనిషి స్ఫురించును. కాని కొంతకాలముగా శాస్త్రజ్ఞులు ఎముకలు లేని రోబోలను నిర్మించుచున్నారు. వాని దేహము రబ్బరు, సిలికోను, పలుచని ప్లాస్టిక్ వంటి మెత్తని పదార్థములతో చేయబడును. లోపలి గదులలోనికి గాలి పంపినచో ఒక ప్రక్క ఉబ్బి, వేఱొక ప్రక్కకు వంగును. మన చేలలోని వానపామునకు ఎముక లేదు, కాలు లేదు. అయినను గట్టిమన్నులో దారి చేసికొనును గదా! వీనిని నేను మృదుయంత్రములని పిలుచుచున్నాను. పండితులెవరైన ఇంతకంటె మంచి పేరు సూచించినచో సంతోషముతో స్వీకరింతును.

అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమువారు 2011లో నాలుగు కాళ్ల మెత్తని యంత్రమును చేసిరి. నేలకు రెండు సెంటీమీటర్ల యెత్తున నిలిపిన గాజుపలక క్రిందుగా అది నక్కి ప్రాకి ఆవలికి పోయినది. 2021లో చైనా శాస్త్రజ్ఞులు ప్రకటించిన మెత్తని చేపవంటి యంత్రము పసిఫిక్ మహాసముద్రమున మరియానా అగాధమందు సుమారు 10,900 మీటర్ల లోతున రెక్కలల్లార్చినది. అంత లోతున నీటి యొత్తిడికి తట్టుకొనుటకు మామూలు యంత్రములకు మందమైన లోహకవచము వలయును. దీనికి కవచమే లేదు. విద్యుత్ పరికరములను ఒకచోట కుదించక, విడివిడిగా సిలికోనులో పొదిగిరి. ఎదిరించు దానిని విఱుచు ఒత్తిడి, ఒదిగిన దానిని విడిచిపెట్టినది.

ఇక నా మనస్సును పట్టుకొన్నది వేఱొకటి. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఎలియట్ హాక్స్, ఆలిసన్ ఒకామురా మొదలగువారు 2017లో ప్రకటించిన యంత్రము తీగవలె కొననుండి పెరుగును. రైతులారా, మీరు చేనికి నీరు పారించుటకు చుట్టచుట్టి యుంచిన మెత్తని పైపును తలచుకొనుడు. చొక్కాచేతిని లోపలికి త్రిప్పినట్లు దానిని లోపలికే మడచి, వెనుకనుండి గాలి యూదినచో, లోపలి భాగము కొనవద్ద వెలికి వచ్చుచు ముందునకు సాగును. ఇందలి కిటుకు గమనింపుడు. ఇదివరకే వెలికి వచ్చిన భాగము కదలదు. కొన యొక్కటే ముందునకు పోవును. కావున గోడలతో ఒరపిడి లేదు. జిగురుమీదుగా, మేకులమీదుగా పోయినను అది ఆగలేదు. పరీక్షలో 72 మీటర్ల పొడవు సాగినది. చుట్టలో సరుకు అయిపోవుటచేతనే నిలిచినది. కొనయందు కెమేరాను మోయగలదు. 2018లో పెరూ దేశమున చావీన్ అను ప్రాచీన దేవాలయపు ఇరుకు బిలములలోనికి ఇట్టి యంత్రమును పంపి, మనిషి దూరలేని తావులను చూచిరి.

మనకు దీనితో నేమి పని యందురా? 2025 ఫిబ్రవరి 22న తెలంగాణలో దోమలపెంట కడ శ్రీశైలము ఎడమగట్టు కాలువ సొరంగము కూలి, ఎనమండుగురు లోపల చిక్కుకొనిరి. నీరు, బురద, విఱిగిన ఇనుము దారికి అడ్డమైనవి. శునకములను, రోబోలను సైతము తెప్పించిరి. రెండు నెలల శోధనలో ఇరువురి దేహములే లభించినవి. తీగయంత్ర మున్నచో వారు బ్రతికెడివారని నేననను. బురదలో కూరుకొనిన వానిని గాలితిత్తి వెలికి తీయజాలదు. కాని రక్షింపబోయినవారికి లోపలి స్థితి ముందుగా కనబడుటయే గొప్ప మేలు.

మన ప్రాంతమున సొరంగములు లేవు. బోరుబావులు కలవు. వేయి అడుగులు దాటినను చుక్క పడని బోర్లు మన బాగేపల్లి, చింతామణి తాలూకాలలో ఎన్ని కలవో మీకు తెలియును. 2019 అక్టోబరులో తమిళనాడున తిరుచిరాపల్లి చెంత నడుకాట్టుపట్టి గ్రామమున రెండేండ్ల బాలుడు అట్టి రంధ్రమున పడెను. ప్రక్కన వేఱొక గొయ్యి త్రవ్వబోగా రాయి అడ్డుపడెను, నాలుగు దినములు గడచెను, బిడ్డ దక్కలేదు. 2024 ఏప్రిల్‌లో మన రాష్ట్రముననే విజయపుర జిల్లా లచ్యాణ గ్రామమున పడిన పసివానిని ఇరువది గంటలు శ్రమించి సజీవుడుగా తీసిరి. అచ్చట బిడ్డ చిక్కుకొన్న లోతు సుమారు 16 అడుగులు మాత్రమే.

త్రాళ్లు, కొక్కెములు దించినచో గోడ రాలి, మన్ను బిడ్డపై పడును. గోడను ఒరయక సాగు తీగయంత్రము ఇట్టిచోట తగినదని నాకు తోచుచున్నది. అమెరికాలోని ఎం.ఐ.టి. లింకన్ ప్రయోగశాలవారు నోటర్ డామ్ విశ్వవిద్యాలయముతో కలసి, కూలిన కట్టడములలో వెదకుటకు ఇట్టిదానిని సిద్ధపరచుచున్నారు. 2025లో వారు ప్రకటించినప్పటికి అది సాగిన పొడవు పదియడుగులు. ఇరువదియైదడుగులకు పెంచ యత్నించుచుండిరి. మన బోర్ల లోతుతో పోల్చి చూడుడు. పరీక్షలో డెబ్బదిరెండు మీటర్లు సాగుట వేఱు, రాళ్లును బురదయు గల చీకటిలో సాగుట వేఱు. బెంగుళూరు కళాశాలలలో యంత్రవిద్య చదువుచున్న మన బిడ్డలు ఇచ్చట కూర్చుండియున్నారు. ఇరుకు రంధ్రమున మలుపు తిరుగుట, బిడ్డకు గాలియు నీరును అందించుట ఎట్లో వారు ఆలోచింపవలెనని నా కోరిక.

ఇప్పుడు నా సంగతి చెప్పవలెను. బోరు ఎండినచో రైతు కేసింగు పైపును లాగివేసి అమ్ముకొనును. కొనువాడను నేను. పైపు లాగిన పిదప పైరంధ్రము మఱింత వెడల్పగును. కొన్నేండ్ల క్రిందట నేనట్లు కొన్న ఒక బోరులో, కప్పిన కంప తొలగి మేకపిల్ల పడెను. త్రాడు దించితిమి, కొక్కెము దించితిమి. మన్ను రాలెను గాని ఫలము లేకపోయెను. నాటి సాయంకాలమువఱకు దాని యరపు వినబడెను. మఱునాడు వినబడలేదు. మేకపిల్లకు వెల యిచ్చితిని. రైతు పుచ్చుకొనెను. బిడ్డయైనచో ఏ వెల యిచ్చియుందును?

ఎండిన బోర్లను అడుగునుండి పైదాక పూడ్చవలెనని సుప్రీంకోర్టు 2010లోనే ఆజ్ఞాపించినది. ఆ సంగతి నాకు తెలిసియు, పైపు తూచితినే గాని రంధ్రమును గూర్చి అడుగలేదు. మనలో పాతపైపుల వర్తకులు మఱికొందఱు కలరు. వారి నడిగియే ఈ మాట చెప్పుచున్నాను. ఇకమీదట రంధ్రము పూడ్చినట్లు కంటితో చూచినగాని మా అంగళ్లలో కేసింగు పైపు కొనము. పూడ్చుటకు తడవగునన్నవారికి ఇనుపమూతను, బోల్టులతో సహా, ఊరకయే ఇత్తుము. ఇప్పటికి నలువది మూతలు చేయించి యుంచితిని. మీమీ పొలములలో తెఱచియున్న బోర్లెన్నియో, ఎచ్చటెచ్చట నున్నవో సభ ముగిసిన పిదప నాకు వ్రాయించి వెళ్లుడు.