బొడ్డుకోత - నర్సమ్మ పాఠము
(గ్రంథాలయ మహిళా సభయందు చదివిన ప్రసంగ పాఠము)



"బొడ్డుకోసి పేరు పెట్టిన" అను పలుకుబడి తెలుగువారి నోళ్లలో నిత్యము నలుగుచునే యున్నది. పేరు పెట్టుటకు పురోహితుని, పంచాంగమును, బంధువులను ముందుగనే సమకూర్చుకొందురు. అంతకంటె ముందు జరుగవలసిన బొడ్డుకోతను గూర్చి మాత్రము చూలాలితో మాటాడువారు అరుదు. ఆ మాట మాటాడునది నర్సు.

గర్భమునందున్నంత కాలము శిశువునకు ఆహారమును, ప్రాణవాయువును బొడ్డుత్రాడు ద్వారానే అందును. అందు రక్తనాళములు మూడు: రెండు ధమనులు, ఒక సిర. బిడ్డ పుట్టిన పిమ్మట 1 నిమిషము మొదలు 3 నిమిషముల వరకు ఆగి త్రాడును బిగించి కోయుట మేలు. ఆ కొద్దిసేపటిలో మాయలోని నెత్తురు కొంత బిడ్డకు చేరును. మిగిలిన తునక ఎండి, నల్లబడి, సాధారణముగా 5 మొదలు 15 దినములలో తనంత తానే రాలిపోవును. అంతవరకు అది మానని పుండు వంటిది, గడియ వేయని తలుపు వంటిది.

పూర్వము మంత్రసాని కొడవలితోనో, చేతికి దొరికిన కత్తితోనో బొడ్డు కోసెడిది. కోసినచోట పిడక బూడిదయో, పసుపో, ఆముదమో అద్దెడివారు. ఇది నిర్లక్ష్యము గాదు. పుండు త్వరగా ఆరవలెనను ప్రేమయే. అయితే మట్టిలోను, పశువుల పేడలోను ధనుర్వాత క్రిమి బీజములు ఏండ్ల తరబడి చావక యుండును. బూడిద కాలినదే కదా యనవచ్చును. కాలినదే, కాని పొయ్యి ప్రక్క మట్టిలో కలసి, పది చేతులు తగిలిన బూడిద అది. ఈ క్రిమిని 1889లో జపాను దేశీయుడగు కిటసాటో శుద్ధముగా వేరుపరచి చూపెను. అది బొడ్డుద్వారా సోకిన బిడ్డ మొదటి రెండు దినములు చక్కగా పాలు త్రాగును. మూడవ దినమునకో, వారమునకో దవడలు బిగిసి చన్ను పట్టలేకపోవును. ఒడలు విల్లువలె వంగి కొయ్యబారును. బాలగ్రహమని విభూతి పెట్టించిన తల్లులకు, కారణము తమ యింటి బూడిదలోనే యున్నదని చెప్పినవారు లేకపోయిరి.

గర్భిణుల పరీక్ష జరుగు దినమున నర్సు చేయు బోధ చిన్నదే. గుడ్డబొమ్మ నొకదానిని తీసి, దాని బొడ్డునకు దారము కట్టి చూపును. శుభ్రమైన చేతులు, శుభ్రమైన ప్రక్క, క్రొత్త బ్లేడు, శుభ్రమైన దారము లేక క్లాంపు, ఏమియు పూయని బొడ్డు. మొలగుడ్డను బొడ్డునకు క్రిందుగా మడువవలెను, మూత్రము తగులరాదు. తునకను లాగరాదు. రాలునప్పుడు చుక్క నెత్తురు కనబడిన భయము లేదు. చుట్టును చర్మము ఎఱ్ఱబడినను, చీము పట్టినను, దుర్వాసన వచ్చినను, నెత్తురు ఆగకున్నను, బిడ్డ పాలు మానినను ఆ పూటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

గర్భిణికి వేయు టీకా సంగతియు అప్పుడే చెప్పును. మొదటిసారి గర్భవతియైన స్త్రీకి కనీసము 4 వారముల యెడముతో రెండు మోతాదులు వేయుదురు. తల్లి రక్తమున పుట్టిన రక్షణశక్తి మాయద్వారా బిడ్డకు చేరును.

ఇంతవరకు సులభమే. తెలుగునాట తొలిచూలు పుట్టింట జరుగుట ఆచారము. అత్తవారి యూరిలో పాఠము విన్న పిల్ల ఏడవ నెలలోనో, తొమ్మిదవ నెలలోనో మరియొక యూరికి పోవును. అచట బిడ్డకు నీళ్లు పోయు అమ్మమ్మ ఆ పాఠమును వినలేదు. బాలింత మంచముపై నుండగా పెద్దవారి చేతిని పట్టి ఆపగల ధైర్యము ఏ పదునెనిమిదేండ్ల పిల్లకు కలుగును? అందుచేత తెలివైన నర్సు మొదట అడుగు ప్రశ్న ఒకటే: "మీ బిడ్డకు నీళ్లు పోసేది ఎవరమ్మా?" ఆ వచ్చు పేరును బట్టి పాఠము సాగును. కాన్పు ఆసుపత్రిలో జరిగినను, ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ దినములలో ఇంటికి వచ్చి బిడ్డను చూడవలెనను నియమము కలదు; ఏ యింటికి రావలెనో పుట్టినింటి యూరివారికి ముందుగా తెలియజేయుట అవసరము.

ఇట్టి బోధయు, టీకాయు, ఆసుపత్రి కాన్పులును కలసి ఫలించినవి. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2003లో, భారతదేశమంతటను 2015లో పురిటి ధనుర్వాతము నిర్మూలింపబడినట్లు ధ్రువపరచిరి. నిర్మూలనమనగా ఏ జిల్లాలోను ఏటా పుట్టు 1000 మంది శిశువులలో ఒక్కరి కంటె తక్కువ మందికి ఈ వ్యాధి సోకుట. బీజములు మట్టిలో నేటికిని ఉన్నవి. టీకా మానినచో వ్యాధి తిరిగి రావచ్చును.

వృద్ధురాండ్రను పరిహసించు నర్సు మాట ఏ యింటను నిలువదు. "ఏమీ పూయకపోతే ఎట్లా ఆరుతుంది, నర్సమ్మా?" అని అమ్మమ్మ అడిగినపుడు, "గాలి తగిలితే అదే ఆరుతుంది, పెద్దమ్మా. పసుపు గడపకు పూయండి. బొడ్డును ఊరికే వదలండి. చేతులు మాత్రము సబ్బుతో కడుగుకోండి" అని బదులు చెప్పి, గుడ్డబొమ్మను ఆమె ఒడిలోనే ఉంచవలెను. మొలగుడ్డను బొడ్డు క్రిందికి ఆమెయే మడిచి చూపువరకు నర్సు అచటనుండి లేవరాదు.