సికందర్‌బాగు ఛాయాచిత్రము

పత్రికలో యుద్ధచిత్రము కన్పట్టినంతనే లోకము దానిని నమ్మును. చిత్రకారుడు కల్పింపవచ్చును గాని కెమెరా కల్పింపదని జనుల విశ్వాసము. దీనికి లక్నోలోని సికందర్‌బాగు చిత్రము తగిన పరీక్ష.

1857 నవంబరు 16న కాలిన్ కాంప్‌బెల్ సేనలు ఆ తోటపై బడినవి. లోపలనున్న సిపాయిలు సుమారు 2,000 మంది హతులైరి. ఫెలీచె బియాటో యను ఛాయాగ్రాహకుడు లక్నో చేరినది 1858 వసంతమున. అనగా నాలుగైదు మాసములు గడచిన పిమ్మట. అయినను ఆతని చిత్రములో శిథిలభవనము ముంగిట ఎముకలు, పుఱ్ఱెలు, పోరు నిన్ననే ముగిసినట్లు చెల్లాచెదరుగా పడియున్నవి. చిత్రము కొఱకే వానినట్లు పరపించిరని చరిత్రకారులు పెక్కురు తలంతురు. భవనము నిజమే, చావులును నిజమే; కావుననే ఇట్టి కల్పనను పట్టుకొనుట కష్టము.

అంతకంటె ముఖ్యము చిత్రములో లేనిది. ఆంగ్లేయుల శవములు అందు కానరావు. 1855లో క్రిమియా యుద్ధమునకు బోయిన రోజర్ ఫెంటన్ సైతము మృతదేహములను చిత్రింపలేదు. తమవారి మరణమును దాచి ఎదిరిపక్షమువారి యెముకలనే చూపినచో, చూచువాడు యుద్ధమును శిక్షగా నెంచును గాని దుఃఖముగా నెంచడు.

ఇక శీర్షిక. అందు మృతులు "తిరుగుబాటుదారులు". నేటి భారతీయునకు వారు స్వాతంత్ర్యయోధులు. చంపినవారిగా హైలాండర్లతోబాటు పంజాబు పటాలము పేరును గలదు. ఆ యెముకల నడుమ కనిపించు సజీవులైన కొందరు భారతీయులెవరో మాత్రము శీర్షిక చెప్పదు.