వాడిన హైడ్రేంజియా

మా అమ్మాయి కాపురమునకు వెళ్ళుచు, ఊటీనుండి తెచ్చుకొనిన హైడ్రేంజియా కుండీని మాకప్పగించి వెళ్ళినది. ఆదివారము ఫోను చేసినప్పుడు మా క్షేమము పిదప ఆమె యడుగునది ఆ మొక్క క్షేమమే. ఒకనాడు చూతుము గదా, ఆకులన్నియు గుడ్డపేలికలవలె వ్రేలాడుచున్నవి. ఆ దినముననే ఫోను వచ్చినది. “బాగున్నదమ్మా” అంటిమి. ఆ యబద్ధమును నిజము చేయుటకు మేము పడిన పాట్లనే శ్రోతలకు నేడు విన్నవించుచున్నాము.

జపాను దేశము ఈ మొక్కకు పుట్టినిల్లు. హైడ్రేంజియా యను పేరు నీరు, పాత్ర అను అర్థములుగల రెండు గ్రీకు మాటలనుండి యేర్పడినది. దాని ఆకులు వెడల్పయినవి. వానినుండి నీరు ఎల్లప్పుడు ఆవిరియై పోవుచుండును. వేళ్ళు అందించు నీటికంటె పోవునది ఎక్కువైనచో ఆకు వాలును. ఇంతవరకు మాకును తెలియును. కనుక చెంబెడు నీరు పోసితిమి. మరునాడు మరింత వాలినది. మరొక చెంబెడు పోసితిమి. మూడవనాటికి క్రింది ఆకులు పండుబారినవి.

అప్పుడు పొరుగింటి పెద్దావిడ వచ్చి, కుండీలో వ్రేలు గ్రుచ్చి చూచి, “దీనికి దాహం కాదు బాబూ, ఊపిరాడటం లేదు” అన్నది. కుండీకి చుట్టియున్న తళుకు కాగితమును విప్పగా అడుగున నీరు నిలిచి మురుగువాసన కొట్టినది. వేళ్ళకు నీరెంత అవసరమో గాలియు నంత అవసరము. గాలి లేనిచో అవి కుళ్ళును. కుళ్ళిన వేరు నీటిని పీల్చజాలదు. అందుచే మొక్క నీటిలో నుండియు దాహముతో వాడిపోవును. రెండు రోగములకును లక్షణమొక్కటే. చికిత్సలు మాత్రము పరస్పర విరుద్ధములు.

కావున ముందుగా మట్టిని పరీక్షింపవలెను. వ్రేలు అంగుళము లోతు దిగినను తడి తగులక, కుండీ తేలికగా నున్నచో అది నిజమైన దాహము. అట్టి కుండీని బకెట్టు నీటిలో నుంచి, బుడగలు వచ్చుట ఆగిన పిదప తీసి, నీరంతయు ఓడ్చవలెను. కొన్ని గంటలలోనే ఆకులు నిలుచును. మట్టి బురదగా నున్నచో మొక్కను పెళ్ళగించి, గోధుమరంగుతో మెత్తబడిన వేళ్ళను కత్తిరించి, తెల్లని వేళ్ళను మిగిల్చి, అడుగున రంధ్రముగల కుండీలో క్రొత్త మట్టితో నాటవలెను. వాడిన పూగుత్తులను వాని క్రిందనున్న మంచి మొగ్గల జంటకు పైగా త్రుంచవలెను. కోలుకొనువరకు ఎరువు వేయరాదు. ఉదయపు నీరెండ మంచిది, పంకాగాలి, ఏ.సి. గాలి సూటిగా తగులరాదు. ఎండవేళ కొద్దిగా వాలి సాయంకాలమునకు తేరుకొన్నచో భయపడ నక్కరలేదు. ఒక హెచ్చరిక: ఆకులు, మొగ్గలు విషపూరితములు, పసిపిల్లలకును పెంపుడు జంతువులకును అందకుండ నుంచుడు.

మేమట్లే చేసితిమి. ఇరువది దినములవరకు మోడువలెనే యున్నది. పిదప ఒకనాడు కాండము మొదట గోరంత పచ్చని చిగురు కనబడినది. పూలు మాత్రము లేవు. వానికి చలికాలపు చల్లదనము కావలెను, మన మైదానములలో అది చాలినంత దొరకుట కష్టము.

ఆ ఆదివారము మా అమ్మాయికి నిజము చెప్పివేసితిమి. ఆమె నవ్వి, “నాకు తెలుసు నాన్నా. ఆ రోజు మీ గొంతులోనే తెలిసిపోయింది” అన్నది. ఇన్నేండ్లుగా మైకు ముందు మాటలాడుచున్న మా గొంతు బిడ్డయొద్ద ఒక్క అబద్ధమును దాచలేకపోయినది.

మీ యింటి మొక్క వాడినచో చెంబెత్తుటకు ముందు వ్రేలితో మట్టిని తాకి చూడుడు. సెలవు.