ఒక్క పేపర్ పోతే చదువు పోయినట్టు కాదు



ఉట్నూరు వైపు ఆశ్రమ పాఠశాలల్లో గంట కొడితే భోజనం, గంట కొడితే చదువు. ఉస్మానియాకు వెళ్లిన మన పిల్లకు అక్కడ గంట కొట్టేవాళ్లు ఉండరు. పాఠం ఇంగ్లీషులో, గదిలో అందరూ కొత్తవాళ్లు. మొదటి సెమిస్టర్‌లో ఒక పేపర్ పోయిందంటే ఇంట్లో 'ఇక చదువెందుకు, పెళ్లి చేద్దాం' అనే మాట మొదలవుతుంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆ మాటను ఆపాల్సింది మీరే. మన పెద్దలకు తెలిసింది పాత బడి లెక్క: తప్పితే ఏడాది పోయినట్టే. యూనివర్సిటీలో పోయిన పేపర్ మళ్లీ రాసుకోవచ్చని, ఒక్క పేపర్‌తో చదువు ఆగదని వాళ్లకు గోండీలో నెమ్మదిగా చెప్పండి.

కులం, ఆదాయం సర్టిఫికెట్లు ఇంట్లో ఒకచోట ఉంచండి. అడిగినప్పుడు ఫొటో తీసి పంపితే ఆమె క్లాసు వదిలి బస్సెక్కే పని తప్పుతుంది. స్కాలర్‌షిప్ ఆలస్యమైతే మెస్ బిల్లు ఆగదు. పత్తి అమ్మిన డబ్బులో కొంత అందుకు పక్కన పెట్టించండి. పుష్యమాసంలో కేస్లాపూర్ నాగోబా జాతర సమయానికి పరీక్షలు పడితే, రాలేదని నిష్ఠూరమాడొద్దు. ఫోన్‌లో మార్కుల కంటే ముందు 'తిన్నావా, తోడెవరున్నారు' అని అడగండి.

ఈ ఏడు ఆమె అక్కడ నిలబడితే, వచ్చే ఏడు వెళ్లే మన పిల్లలకు ఆ హాస్టల్లో తెలిసిన అక్క ఒకరుంటారు.