ఆమె ఒంటికి పెట్టుబడి ఎవరిది?



ఈ చుట్టుపక్కల ఎన్నో ఇళ్లలో కాన్పులు చేసిన మంత్రసానమ్మ పేరున సభ పెట్టి, ఆడవాళ్ల జబ్బులకు మందులు ఎలా వచ్చాయో, ఎందుకు రాలేదో చెప్పమన్నారు. ఆ కథ మన పొలిమేరలోనే మొదలవుతుంది. ఎర్రగుడి బండమీద అశోకుడి రెండో శాసనం ఉంది. మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశాననీ, మందుమొక్కలు దొరకనిచోట తెప్పించి నాటించాననీ అందులో ఉంది. వైద్యానికి రాజ్యమే ఖర్చు పెట్టాలన్న మాట ఇక్కడ రాతికెక్కి రెండువేల రెండువందల ఏళ్లు దాటింది. మన కాలపు రాజ్యం ఆడమనిషిని ప్రత్యేకంగా తలుచుకున్నది మాత్రం చాలావరకు పిల్లల లెక్క కోసమే.

1985లో హైదరాబాదు పక్కన పటాన్‌చెరు ఆరోగ్యకేంద్రానికి ఆడవాళ్లను పిలిపించారు. రెండు నెలలపాటు గర్భం రాకుండా చేసే నెట్-ఎన్ ఇంజెక్షన్ ఇస్తామన్నారు. అది ఇంకా పరీక్షలో ఉన్న మందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. స్త్రీశక్తి సంఘటన అనే మహిళా సంఘం వాళ్లు వెళ్లి ఆ మాట చెప్పాకే సంగతి బయటపడింది. 1986లో ఆ సంఘం మరికొన్ని మహిళా సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకెక్కింది. వాళ్లు అడ్డుకున్నది సైన్సును కాదు, చెప్పకుండా సూది పొడవడాన్ని. ఆ తరం ఆడవాళ్లే తర్వాత ‘సవాలక్ష సందేహాలు’ అనే పుస్తకం తెచ్చారు. డాక్టరు దగ్గర నోరు విప్పి చెప్పలేని మాటలన్నీ అందులో తెలుగులో ఉన్నాయి.

పాతికేళ్లు తిరక్కుండానే అదే కథ ఖమ్మం జిల్లాలో మళ్లీ జరిగింది. 2009లో గర్భాశయ ముఖద్వార క్యాన్సరు రాకుండా చేసే హెచ్‌పీవీ టీకాను 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు వేశారు. వాళ్లలో చాలామంది గిరిజన హాస్టళ్ల పిల్లలు. తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకం చాలాచోట్ల వార్డెన్లు పెట్టారు. కొందరు పిల్లలు చనిపోయారు. ఆ చావులకు టీకా కారణం కాదని విచారణ సంఘం చెప్పింది గానీ, అనుమతులు తీసుకున్న తీరును తప్పుపట్టింది. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగిపోయింది. టీకా మంచిదే, పోయింది నమ్మకం. 2022లో మన దేశంలోనే తయారైన హెచ్‌పీవీ టీకా సర్వావాక్‌కు ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగం కూడా చేయి కలిపింది. ప్రభుత్వం డబ్బు పెడితే పని జరుగుతుందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఇక సుఖం సంగతి. ఇబ్బందిపడకండి, ఈ మాట అనకపోతే ఈ ఉపన్యాసమే దండగ. గుండెనొప్పికని పరీక్షించిన మందు మగవాళ్లకు ఇంకోరకంగా పనిచేస్తుందని తేలి, 1998లో వయాగ్రాగా అమెరికా బజారుకొచ్చింది. ఆడవాళ్లలో కోరిక తగ్గిపోయే సమస్యకు తొలి మాత్ర ఫ్లిబాన్‌సెరిన్‌కు అక్కడ 2015 ఆగస్టు దాకా అనుమతి రాలేదు. మొదటి కంపెనీ 2010లోనే చేతులెత్తేసింది. దాన్ని చేపట్టి అనుమతి సాధించిన కంపెనీని వెంటనే ఇంకో కంపెనీ దాదాపు 100 కోట్ల డాలర్లకు కొనేసింది. అమ్మకాలు లేక, రెండేళ్లకు పాత యజమానులకే తిరిగి ఇచ్చేసింది. అంతా మగవాళ్ల కుట్రేనని నేననను. ఆ మాత్రతో కలిగే మేలు కొంచెమే, పైగా మద్యంతో పడదు. కానీ ఒక్క మందు విఫలమైతే పెట్టుబడిదారులు మొత్తం రంగానికే తలుపేస్తారు. మగవాళ్ల జబ్బుల విషయంలో ఇంత తొందర చూడం.

ఇక మన దగ్గరికే వద్దాం. ఇక్కడి జొన్నగిరి నేల కింది బంగారానికి ప్రైవేటు కంపెనీ పెట్టుబడి పెట్టింది. నేలమీద తిరిగే ఆడమనిషి ఆదోని ఆస్పత్రికి పోయి, "తెల్లబట్ట పోతాంది డాక్టరమ్మా, నడుము గుంజుతాంది" అంటుంది. కలయికలో మంట అన్న మాట ఆమె నోటినుంచి రాదు. అడిగేవాళ్లూ తక్కువే. ముట్లుడిగాక వచ్చే ఆ మంటకు ఈస్ట్రోజెన్ పూత మందు ఉంది. పేటెంటు తీరిన పాత మందు కాబట్టి దాన్ని ఊరూరా చెప్పుకు తిరిగే కంపెనీ లేదు. తెల్లబట్ట, నడుమునొప్పి అని వచ్చినవాళ్ల గర్భసంచి తీసేయడంలో మాత్రం ఒక్కపూటలో డబ్బు వస్తుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో నూటికి 3.2, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. అండాశయాలు కూడా తీసేస్తే ముప్పై అయిదేళ్లకే ముట్లుడిగిన ఒళ్లు. ఎండిపోవడం, ఎముకలు బోలుకావడం అన్నీ ముందే. కొత్త మందు లేక కాదు, ఉన్న మందు చెప్పక పోతున్న గర్భసంచులు మన దగ్గర చాలా ఉన్నాయి.

క్యాన్సరులాంటి అవసరం ఉంటే తీయాల్సిందే, అందులో మాటలేదు. కానీ మీ ఇంట్లో ఎవరికైనా గర్భసంచి తీయాలన్నప్పుడు, కోత లేకుండా ఇంకేం వైద్యం ఉందని, అండాశయాలు ఉంచుతారా అని అడగండి. జవాబు తెలుగులో, అర్థమయ్యేలా వచ్చేదాకా సంతకం పెట్టకండి.