జేబు పిస్తోలు జ్ఞాపకము
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగము)



చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలో తరతరములుగా స్థిరపడిన మన తెలుగు ఇండ్లలో ఆయుధపూజ నాడు నాగలి, కొడవలి, తక్కెడల ప్రక్కన అచ్చటచ్చట తుపాకియు కుంకుమ పెట్టించుకొనుచుండెడిది. బాగేపల్లిలో మా తాతగారింట ఆ వరుస చివర అరచేత ఇమిడిపోవు నల్లని పిస్తోలొకటి ఉండెడిది. మమ్ము చూడనిచ్చెడివారు, తాకనిచ్చెడివారు కారు.

దానికి వంశగౌరవమును కల్పించినది మనమే. పుట్టుకచే అది చౌకసరుకు. జాన్ బ్రౌనింగు అను అమెరికను రూపొందించిన పావంగుళపు గుండు పిస్తోలును బెల్జియములోని ఎఫ్.ఎన్. కర్మాగారము 1906 ప్రాంతమున అమ్మకమునకు పెట్టెను. బర్మింగుహాములో వెబ్లీ అండ్ స్కాట్ వారును అట్టి చిన్న పిస్తోళ్లను చేసిరి. స్పెయినులోని ఐబారు పట్టణపు పనివారు బ్రౌనింగు నమూనాలను అనుకరించి మరింత చవకగా అమ్మిరి. మొదటి ప్రపంచయుద్ధమున ఫ్రెంచి సైన్యమే ఐబారు సరుకును పెద్దయెత్తున కొనెను! పాశ్చాత్య దేశములలో వీనిని తపాలా బిళ్ళలవలె సేకరించి, ముద్రలను, సంఖ్యలను పోల్చి చూచి మురియువారు నేటికిని గలరు.

మనకు ఆ వేడుక కుదరదు. 1959 నాటి ఆయుధముల చట్టము 1962 అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చెను. 2019 సవరణచే సామాన్యముగా ఒకరికి రెండు తుపాకులకు మించరాదు. సామాన్యులకు విదేశీ తుపాకుల దిగుమతి 1980ల మధ్యనుండి దాదాపు నిలిచిపోయెను గనుక, అచ్చటి చవకబేరము ఇచ్చట అపురూపమైనది.

అసలు చిక్కు లైసెన్సుదారు గతించిన పిదప వచ్చును. లైసెన్సు మనిషికే గాని ఇంటికి కాదు. 21వ సెక్షను ప్రకారము ఆయుధమును ఆలస్యము చేయక సమీప పోలీసు స్టేషనులో గాని, లైసెన్సు గల వ్యాపారి వద్ద గాని అప్పగింపవలెను. వారసుడు తన పేర లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకొనవచ్చును. "తాతగారి గుర్తు గదా" యని ట్రంకుపెట్టె అడుగున దాచినచో ఆ గుర్తు మనుమని జైలుకు పంపగలదు. మరమ్మతు చేసినను పేలని పాత ఆయుధమునకు 45వ సెక్షనులో మినహాయింపు గలదు. కాని పేలదని మనకు మనమే తేల్చుకొనుట తెలివి కాదు.

తాతగారు పోయిన మూడవ వారమున మా నాయన ఆ పిస్తోలును అప్పగించివచ్చెను. అవ్వ రెండు దినములు అన్నము ముట్టలేదు. నాకును నాయనపై కోపము వచ్చెను. నేడు మా ఇంట మిగిలినది లైసెన్సు పుస్తకమొక్కటే. అందు తాతగారు తూటాలు కొన్నట్లు ఒకే ఒక్క మారు వ్రాయబడియున్నది, 25 తూటాలు. అంత కాలము ఇంటనుండిన పిస్తోలు ఒక్కనాడైనను పేలినట్లు మా వారిలో ఎవ్వరికిని జ్ఞాపకము లేదు. పిస్తోలు చేతిలోనున్నచో ఈ సంగతి నాకు తట్టెడిది కాదేమో.

మీ ఇండ్లలో పాత లైసెన్సు పుస్తకములు, తూటాల రసీదులు, ఆయుధపూజ ఛాయాచిత్రములు ఉన్నచో పారవేయకుడు. ఎవరివో, ఎప్పటివో వెనుక వ్రాసి సంఘమునకు ఒక ప్రతి ఇండు. పెట్టె అడుగున ఆయుధమే కనబడినచో మాత్రము చేత బట్టకుడు. పిల్లలను దూరముగా నుంచి స్టేషనుకు కబురంపుడు.