ఇంట్లో ఎవరికి ఎంత డేటా కావాలి?

(సొసైటీ విద్యా సహాయ పంపిణీ సభలో ఒక రీఛార్జ్ దుకాణదారుడు చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉపన్యాసాలు ఇచ్చేవాణ్ణి కాను. రాయచోటిలో చిన్న రీఛార్జ్ దుకాణం నడుపుతున్నాను. పది రూపాయల టాప్‌అప్ కార్డు గీకి, నంబరు కొట్టి ఇచ్చిన రోజుల నుంచి ఇదే నా జీవనం. నన్నెందుకు పిలిచారో కార్యదర్శి గారు చెప్పారు. ఈసారి వచ్చిన దరఖాస్తుల్లో ఫీజు, పుస్తకాలు, బస్సు పాసుతో పాటు ‘ఫోన్ రీఛార్జ్’ అని కూడా చాలామంది రాశారట. “ఎంత ఇవ్వాలో మాకు తెలియడం లేదు భాయ్, చదువుకునే పిల్లకు అసలు ఎంత డేటా కావాలో మీరే చెప్పండి” అన్నారు. అమ్మేవాణ్ణే పిలిచి ఎంత కొనాలో చెప్పమన్నారు. అందుకే ముందుగా నేను చేసిన ఒక తప్పు చెప్పి, తర్వాత లెక్కలోకి వస్తాను.

2022లో జరిగిన సంగతి. మా వీధికి రెండు వీధుల అవతల ఒక ఇల్లు. తండ్రి కువైట్‌లో డ్రైవరు. ఇంట్లో తల్లి, ఆమె తల్లి, ఇంటర్ చదివే అమ్మాయి, పదేళ్ళ పిల్లవాడు. ఫోన్లు మూడు. ప్రతి 28 రోజులకూ ఆ తల్లి వచ్చి “భాయ్, మూడింటికీ మామూలుదే వెయ్యండి” అనేది. నేను మూడింటికీ రోజుకు 1.5 జీబీ ప్యాక్ వేసేవాణ్ణి. ఎవరి ఫోన్ దేనికి వాడతారని ఒక్కసారి కూడా అడగలేదు.

ఒక రోజు ఆ అమ్మాయి స్కాలర్‌షిప్ దరఖాస్తుకు ఆఖరు తేదీ. ఆదాయ ధ్రువీకరణ పత్రం ఆ సాయంత్రమే చేతికి వచ్చింది. రాత్రి పదిన్నరకు ఫారం నింపడానికి కూర్చుంది. పగలంతా తమ్ముడు ఆ ఫోన్‌లో చిన్న చిన్న వీడియోలు చూశాడు. కోటా అయిపోయింది. అయిపోయాక నెట్ పూర్తిగా ఆగదు, 64 కేబీపీఎస్ వేగంతో పాకుతుంది. ఫోటో ఎక్కదు, పత్రం ఎక్కదు. తల్లి ఫోన్‌లో డేటా కువైట్ నుంచి వచ్చిన వీడియో కాల్‌కు సరిపోయింది. తమ్ముణ్ణి వెంటబెట్టుకుని నా దుకాణం దాకా వచ్చిందట. షట్టర్ మూసి ఉంది. తిరిగి వెళ్ళిపోయింది. రాత్రి 12 గంటలకు వెబ్‌సైటు మూసుకుంది. సరిగ్గా అదే 12 గంటలకు ఫోన్‌లోకి కొత్త రోజు కోటా 1.5 జీబీ వచ్చింది.

ఆ ఏడాది ఆ స్కాలర్‌షిప్ రాలేదు. తల్లి కమ్మలు తాకట్టు పెట్టి ఫీజు కట్టింది.

తర్వాతి నెల రీఛార్జ్‌కు వచ్చినప్పుడు ఈ సంగతి చెప్పింది. నాకెందుకో అనుమానం వచ్చి, నానీ ఫోన్ తీసుకుని వాడకం చూశాను. నెల మొత్తానికి 60 ఎంబీ కూడా దాటలేదు. అంటే ఆ రాత్రి కూడా ఆ ఇంట్లోనే, దిండు కింద పెట్టిన ఫోన్‌లో, దాదాపు 1.5 జీబీ అలాగే ఉంది. ఆ పిల్లకు హాట్‌స్పాట్ ఆన్ చేయడం రాక కాదు. నానీ ఫోన్‌లో నెట్ ఉందన్న సంగతే ఇంట్లో ఎవరికీ తెలియదు. అది మాటలకు మాత్రమే వేయించిన ప్యాక్ అనుకున్నారు. తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నేను చెప్పలేదు.

అప్పటి నుంచి నా దుకాణంలో ఒక పద్ధతి పెట్టుకున్నాను. ప్యాక్ వేసే ముందు పోయిన నెల వాడకం చూస్తాను. దీనికి నేనక్కర్లేదు, మీరే చూసుకోవచ్చు. ఫోన్ సెట్టింగ్స్‌లో ‘నెట్‌వర్క్’ అనో ‘కనెక్షన్స్’ అనో ఉంటుంది. అందులో ‘డేటా యూసేజ్’ నొక్కితే నెలలో ఎంత వాడారో, ఏ యాప్ ఎంత తిన్నదో వరసగా కనిపిస్తుంది. నెలకు 24 జీబీ అని చూపిస్తే 30తో భాగించండి. రోజుకు 0.8 జీబీ. మీ సగటు అవసరం అదీ. ఈ ఒక్క అంకె తెలియకుండా ఏ ప్యాక్ అడిగినా అది చీకట్లో బేరమే.

ఇక దేనికి ఎంత ఖర్చవుతుందో చూద్దాం. ఇవి రమారమి లెక్కలు, ఫోన్‌ను బట్టి కొంచెం అటూ ఇటూ అవుతాయి. వాట్సాప్‌లో రాసుకునే మాటలకు అయ్యే డేటా లెక్కలోకి రానంత తక్కువ. ఫోన్‌పే, గూగుల్ పే చెల్లింపులూ అంతే. వాట్సాప్‌లో మాట్లాడితే గంటకు సుమారు 30 ఎంబీ. అదే ముఖం చూసుకుంటూ మాట్లాడితే నిమిషానికి 5 ఎంబీ దాకా, అంటే గంటకు 300 ఎంబీ. యూట్యూబ్‌లో పాఠం 360పీ నాణ్యతతో చూస్తే గంటకు సుమారు 300 ఎంబీ. అదే పాఠం 720పీలో చూస్తే ఒక జీబీ అటూ ఇటూ. చిన్న ఫోన్ తెరమీద బోర్డు మీది అక్షరాలు 360పీలోనే చాలావరకు చదవగలం. అవి మరీ సన్నగా ఉంటే 480పీ పెట్టుకోండి. వేలితో తోస్తూ పోయే షార్ట్స్, రీల్స్ సంగతి వేరు. మనం చూడబోయే తర్వాతి వీడియోను కూడా అది ముందే దించుకుంటుంది. గంటలో అర జీబీ దాటడం నా ఫోన్‌లోనే చూశాను.

ఇప్పుడు ఒక ఇంటర్ పిల్ల లెక్క వేద్దాం. గంటన్నర వీడియో పాఠాలకు 450 ఎంబీ. నోట్సు, ప్రశ్నపత్రాలు దించుకోవడానికి 50. తండ్రితో పావుగంట వీడియో కాల్‌కు 75. మిగతా చిల్లర పనులకు 100. మొత్తం 675 ఎంబీ. అవసరానికి ఉంటుందని ఇంకో పావు వంతు కలుపుకున్నా 850 దాటదు. అంటే చదువు కోసమైతే రోజుకు ఒక జీబీ చాలు. ఒక జీబీ చాలడం లేదని ఎవరైనా అంటే ఆ ఫోన్ ఇంకెవరి చేతిలో ఉంటోందో అడగాలి. నేను పిల్లల్ని తప్పు పట్టడం లేదు. వాళ్ళకూ ఆట కావాలి. కానీ ఆటకు, పాఠానికి ఒకే కోటా అయినప్పుడు పాఠం ముందు జరగాలి.

ప్యాక్‌లలో రకాలు చెబుతాను. మొదటిది రోజు లెక్క ప్యాక్. రోజుకు 1, 1.5, 2 జీబీ అని ఉంటుంది. ఇందులో ఈ రోజు మిగిలింది రాత్రి 12కు పోతుంది, రేపటికి రాదు. రోజూ ఒకే తీరుగా వాడేవాళ్ళకు ఇది మంచిది. రెండోది మొత్తం లెక్క ప్యాక్. గడువంతటికీ కలిపి ఇన్ని జీబీలు అని ఇస్తారు. ఇది ఏ రోజు ఎంతైనా వాడుకోవచ్చు. వాట్సాప్, చెల్లింపులు మాత్రమే వాడే నాన్నలకు, చిన్న వ్యాపారులకు ఇది చౌక. మూడోది మాటల ప్యాక్. ఇందులో డేటా ఉండదు, కాల్స్, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే. ఇలాంటి ప్యాక్ తప్పనిసరిగా ఉంచాలని ట్రాయ్ 2024 డిసెంబరులో నిబంధన తెచ్చింది. 2025 జనవరి నుంచి దొరుకుతున్నాయి. అప్పట్లో 84 రోజులకు 450 రూపాయల ప్రాంతంలో వచ్చాయి. బ్యాంకు ఓటీపీలు దీనికి మామూలుగానే వస్తాయి. వాట్సాప్ కాల్ మాత్రం రాదు, అది డేటా పని. ఈ ప్యాక్ గురించి దుకాణాల్లో ఎవరూ తమంతట తాము చెప్పరు. పెద్ద ప్యాక్ అమ్మితే మాకు నాలుగు పైసలు ఎక్కువ. అందుకని మీరే అడగండి.

ఇంకో సంగతి. రోజుకు 2 జీబీ ప్యాక్‌తో ‘అన్‌లిమిటెడ్ 5జీ’ అని చెబుతారు. అది నిజమే. కానీ మీ ఫోన్ 5జీ ఫోన్ అయి ఉండాలి, మీ ఇంట్లో ఆ సిగ్నల్ రావాలి. మీది 4జీ ఫోన్ అయితే ఆ మాట మీకోసం కాదు. మీకు దక్కేది 2 జీబీయే.

డబ్బు లెక్కకు వద్దాం. నెల అంటే మనకు 30 రోజులు. ప్యాక్‌కు 28. ఏడాదికి 12 రీఛార్జ్‌లు కాదు, 13. జియోలో రోజుకు 1.5 జీబీ ఇచ్చే 28 రోజుల ప్యాక్ 2024 జూలైలో 239 నుంచి 299 అయింది. అంటే పావు వంతు పెరిగింది. 299 రూపాయల లెక్కన ఒక ఫోన్‌కు ఏడాదికి 3,887. మూడు ఫోన్లకు 11,661 రూపాయలు. రోజు కూలీ మీద బతికే ఇంటికి ఇది చిన్న మొత్తం కాదు. అందులో నానీ ఫోన్ ఒక్కటి మాటల ప్యాక్‌కు మారిస్తే ఏడాదికి 1,900 రూపాయల దాకా మిగులుతుంది. నెల సరిగ్గా కావాలనుకునేవాళ్ళ కోసం 30 రోజుల ప్యాక్ ఒకటి, ప్రతి నెలా అదే తేదీకి వచ్చే ప్యాక్ ఒకటి ఉంచాలని 2022లోనే ట్రాయ్ ఆదేశించింది. జీతం తేదీతో కలిపి చూసుకునేవాళ్ళు వాటి ధర కూడా అడిగి, రోజుకు ఎంత పడుతుందో పోల్చుకోండి.

ఉన్న డేటాను కాపాడుకోవడానికి మూడు పనులు ఈ రాత్రే చేయండి. ఒకటి, వాట్సాప్ సెట్టింగ్స్‌లో ‘స్టోరేజ్ అండ్ డేటా’కు వెళ్ళి, ఫోటోలు, వీడియోలు వాటంతటవే దిగకుండా ఆపండి. పెళ్ళి గ్రూపుల్లో వచ్చే వీడియోలు మనం చూడకపోయినా మన డేటా తింటాయి. రెండు, యూట్యూబ్‌లో మొబైల్ డేటా మీద నాణ్యతను ‘డేటా సేవర్’ అని పెట్టండి. మూడు, యాప్‌లు వైఫై ఉన్నప్పుడే అప్‌డేట్ అయ్యేలా ప్లే స్టోర్‌లో మార్చండి. కాలేజీలోనో, బంధువుల ఇంట్లోనో వైఫై ఉంటే పాఠాలు అక్కడే దించుకుని ఇంటికొచ్చి చూడొచ్చు.

కువైట్‌లో ఉన్నవాళ్ళ ఇళ్ళకు ఒక మాట. అక్కడి సమయం మనకంటే రెండున్నర గంటలు వెనక. వాళ్ళు పని ముగించుకుని, తిని, రాత్రి తొమ్మిదికి ఫోన్ చేస్తే మనకు పదకొండున్నర. అప్పటికి మన కోటా అడుగంటి ఉంటుంది. మాట తెగి తెగి వస్తుంది. ఆయన ఫోన్ బాగాలేదని ఇక్కడ, ఇంట్లో ఏమైందోనని అక్కడ కంగారు. అలాంటప్పుడు వీడియో ఆపి మాట మాత్రం పెట్టుకోండి. పదో వంతు డేటాతో పని జరిగిపోతుంది. వాళ్ళ సెలవు రోజు చూసి పగటిపూట ముఖాలు చూసుకోండి.

పెద్దలకు ఒక మనవి. సొసైటీ డబ్బు పది ఇళ్ళ నుంచి చెమటోడ్చి వచ్చిన చందా. అన్నం పారేస్తే, కొళాయి వదిలేస్తే మన పెద్దలు ‘ఇస్రాఫ్’ అని మందలిస్తారు. రోజూ రాత్రి 12కు వాడకుండా పోయే డేటా కూడా డబ్బు పెట్టి కొన్నదే. కాబట్టి దరఖాస్తులో ‘రీఛార్జ్’ అని ఉన్నచోట రెండు ప్రశ్నలు చేర్చండి. ఇంట్లో ఎన్ని ఫోన్లు? పోయిన నెల ఏ ఫోన్‌లో ఎంత వాడారు? చాలా ఇళ్ళలో కొత్తగా డబ్బు ఇవ్వాల్సిన పనే ఉండదు, ఉన్నది సర్దితే చాలు. నిజంగా ఒక్క ఫోనే ఉండి, అదీ తండ్రి పనికి తీసుకెళ్ళే ఇళ్ళు కొన్ని ఉంటాయి. మిగిలిన డబ్బు వాళ్ళకు పూర్తిగా ఇవ్వండి.

తల్లులకు చెప్పేది ఒక్కటే. మీ ఇంట్లో ఏ ఫోన్‌లో నెట్ ఉందో, ఎంత ఉందో పిల్లలందరికీ తెలిసి ఉండాలి. దరఖాస్తు, పరీక్ష, ఫలితం ఉన్న రోజు సాయంత్రం దాకా చదువుకునే పిల్ల ఫోన్‌ను ఎవరూ ముట్టుకోవద్దు. ఆఖరు తేదీ దాకా ఆగకుండా రెండు రోజుల ముందే నింపితే ఇంకా మేలు.

ఆ అమ్మాయి ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. ఆ ఇంటి రీఛార్జ్ ఇప్పుడు ఆ పిల్లే చూస్తుంది. కాగితం మీద రాసుకుని వస్తుంది: అమ్మీకి ఇది, నాకు ఇది, నానీకి మాటల ప్యాక్. నేను మారు మాట్లాడకుండా వేస్తాను. ఆమె పోగొట్టుకున్న ఏడాది డబ్బు నేను తిరిగి ఇవ్వలేను. నేను ఇవ్వగలిగింది ఒకటుంది. ప్రతి ఆదివారం ఉదయం పది నుంచి పన్నెండు దాకా దుకాణంలో ఉంటాను. మీ ఇంట్లోని ఫోన్లన్నీ పట్టుకుని రండి. వాడకం చూసి, ఎవరికి ఏది చాలో కాగితం మీద రాసిస్తాను. రీఛార్జ్ నా దగ్గరే చేయించుకోవాలని లేదు.